పదిహేడు జానల కర్ణం

మా కాశిబుగ్గలో ఒకప్పుడు 2.91 జానల పొడవున్న ఘోరం ఒకటి జరిగింది. వరంగల్ కోట కూలినప్పుడు ఎంత నష్టం జరిగిందో ఎవరూ కొలవలేదు కానీ, ఈ ఘోరాన్ని మాత్రం రెండు దశాంశ స్థానాల దాకా కొలిచి చెప్పవచ్చు. ఎందుకంటే దాన్ని చేసింది లెక్కలు బాగా వచ్చిన మనిషి. ఆ మనిషిని నేనే. ఇన్నేళ్లయినా ఎర్ర రంగు కనబడితే నా మోకాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఎందుకో చెబుతాను, నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి.

ఎనభైల మొదట్లో మాట. నేను ఇంటర్ రెండో ఏడు, తెలుగు మీడియం, ఎంపీసీ. మా గల్లీలో ఆ మూడు అక్షరాలు చదివిన మొదటి ఆడపిల్లను. అవంటే ఏమిటో గల్లీలో ఎవరికీ తెలియదు, అందువల్ల నా గౌరవానికి లోటు లేదు. బాపు, అంటే మా నాన్న, శత్రంజీలు నేసేవాడు. పెళ్లిళ్లలో బంతి కూర్చునేటప్పుడు పరిచే మందపాటి నూలు తివాచీలున్నాయే, అవే శత్రంజీలు. అవ్వ, అంటే మా అమ్మ, రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది.

నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఒకచోట కుదురుగా కూర్చోలేను. అన్నం తింటూ వాకిట్లోకి పోయి వచ్చేదాన్ని. పరీక్ష రాస్తూ బెంచీకి ఈ చివరనుంచి ఆ చివరకు జరిగేదాన్ని. అవ్వ రోజుకు పదిసార్లు అనేది, "ఓ సులోచనా! ఒక్కతాన కూసోవేందే? కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతానవ్. కాళ్లల్ల సక్రాలున్నయా?"

అట్లాంటిదాన్ని రాట్నం ముందు కూర్చోబెడితే ఏమవుతుందో ఊహించుకోండి. నేను చుట్టిన కండె ఒకవైపు గుమ్మడికాయలా, ఒకవైపు ములక్కాయలా ఉండేది. అందుకే కాలేజీ అంటే నాకు ప్రాణం. పొద్దున నడిచి పోవచ్చు, సాయంత్రం నడిచి రావచ్చు, మధ్యలో గంటకోసారి లేచి గది మారవచ్చు. చదువు మీద ప్రేమలో సగం ఆ నడక మీద ప్రేమే అని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఆ ప్రాణానికి అడ్డంగా నిలబడింది మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న. నేతపనివాళ్ల సంఘానికి అధ్యక్షుడు. ఆయన ఊ అంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, ఊహూ అంటే ఆరిపోతుంది.

"ఇంటర్ అయిపోతాంది గద, ఇగ చాలు తమ్మీ," అనేవాడు బాపుతో. "ఆడివిల్లకు గిన్ని లెక్కలెందుకు? ఏం పనికస్తయి?"

"పనికస్తయే అన్నా," అనేవాడు బాపు.

"ఏం పనికి?"

బాపు పోయి మగ్గంలో కూర్చునేవాడు. తలుపు వెనక నిలబడి నేను అంతా వినేదాన్ని. లెక్కలు దేనికి పనికొస్తాయో ఒక్కసారి, ఒకే ఒక్కసారి చూపించే అవకాశం ఇవ్వమని దేవుడికి మొక్కుకునేదాన్ని. దేవుడు ఇచ్చాడు. ఆయనకూ పొద్దుపోక ఉండి ఉంటుంది.

ఆ యేడు సంఘానికి కొత్త హాలు కట్టారు. మేస్త్రి తలుపులూ కిటికీలూ పెట్టుకుంటూ పోతే చివరికి స్టేజీకి మిగిలింది హాలులో ఒక మూల. సరే, రెండు గోడల మధ్య ఆ మూలలోనే మూడు కోణాల స్టేజీ కట్టాలని పెద్దలు తీర్మానించారు. స్టేజీ మూరెడు ఎత్తు. ముందుపక్క ఇటుకలు కనబడకుండా ఎర్ర శత్రంజి పట్టీ ఒకటి వేలాడదీయాలి. నేతగాళ్ల హాలుకు మిల్లు గుడ్డ కడితే నలుగురూ నవ్వరూ? ఆ పట్టీ నేసే పని బాపుకు వచ్చింది.

ఇక్కడే ఒక చిక్కు. ప్రారంభోత్సవం పదిహేను రోజుల్లో ఉంది. హైదరాబాద్ నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. స్టేజీ కట్టేది అన్నిటికంటే చివరన. పట్టీ నేయడం మాత్రం వెంటనే మొదలుపెట్టాలి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, స్టేజీ లేదు సున్నం లేదు, పట్టీ పొడవెంత అని మా అరుగు మీద పంచాయితీ. బాపు తన డిజైన్ల గ్రాఫు కాగితం ఒకటి తెచ్చి మధ్యలో పరిచాడు. శత్రంజి మీద పువ్వులూ చిలుకలూ వేసే గడుల కాగితం అది. దానిమీద హాలు మూలను పెన్సిల్‌తో గీశాడు. అడ్డం గోడ వెంట స్టేజీ పదహారు గడులు. నిలువు గోడ వెంట ఆరు గడులు.

"అడ్డం గడికి జానెడు," అన్నాడు బాపు. ఆ తర్వాత కూడా ఇంకేదో అనబోయాడు. నేను వింటేగా!

మీరే చెప్పండి. రెండు గోడలు లంబంగా కలిశాయి. హాలు మూలే మూలబిందువు. ఒక గోడ ఎక్స్ అక్షం, ఒక గోడ వై అక్షం. ఈ చివర బిందువు (16, 0), ఆ చివర బిందువు (0, 6). వాటిని కలిపే గీత కర్ణం. సరిగ్గా మూడు వారాల కిందటే మా లెక్కల సారు దూరం కనుక్కునే సూత్రం చెప్పాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త సూత్రం నేర్చినది పెద్దవాళ్లనూ ఎరగదు. తలుపు వెనకనుంచి ఒక్క దూకు దూకి పంచాయితీ మధ్యలో పడ్డాను.

"నేను చెప్త! నేను చెప్త బాపూ!"

"ఏందే నువ్వు చెప్పేది?" అన్నాడు పెద్దబాపు.

"పట్టీ పొడుగు. కొలవకుంటనే చెప్త."

"కట్టని స్టేజిని కొలవకుంట చెప్తవా? నువ్వేమన్న సోదిదానివా?"

"సోది గాదు పెద్దబాపూ, సూత్రం!"

బాపు అప్పటికే తన పద్ధతి మొదలుపెట్టబోతున్నాడు. వాకిట్లో రెండు మేకులు కొట్టి, జానలు కొలిచి, దారం లాగి చూస్తానంటున్నాడు. దారపు ఉండ అందుకున్నాడు కూడా.

"దారమెందుకు బాపూ, సూత్రముండంగ? నువ్వు జర ఆగు," అని ఆయన చేతిలో ఉండ లాక్కుని పక్కన పెట్టేశాను.

పదహారు వర్గం రెండు వందల యాభై ఆరు. ఆరు వర్గం ముప్పై ఆరు. కలిపితే రెండు వందల తొంభై రెండు. దానికి వర్గమూలం కావాలి. పరుగెత్తి లాగ్ పట్టికల పుస్తకం తెచ్చాను. అరుగు మీద పదిమంది పెద్దలు, వాళ్ల మధ్య నేను వేలితో అంకెల వరసలు తడుముతూ. అందరూ మెడలు చాచి నా వేలినే చూశారు. పంచాంగం చూసి ముహూర్తం పెట్టే పంతులుకు కూడా అంత మర్యాద దక్కి ఉండదు.

"పదిహేడు పాయింట్ సున్నా తొమ్మిది జానలు!"

"పాయింట్ సున్నా తొమ్మిదంటే?" అన్నాడు పెద్దబాపు.

"జానెడును వంద ముక్కలు జేస్తే అండ్ల తొమ్మిది."

జానెడును వంద ముక్కలు చేసిన ఆడపిల్లను వాళ్లు అంతకుముందు చూడలేదు. బాపు కళ్లల్లో వెలుగు చూశాను. ఆ వెలుగుకోసం నేను వెయ్యి ముక్కలైనా చేసేదాన్ని.

పెద్దబాపు మీసం దువ్వుకున్నాడు. "సరే. బిడ్డ లెక్కతోనే నేద్దం. పట్టీ స్టేజికి సక్కగ సరిపోయిందనుకో, నిన్ను డిగ్రీల నేనే చేర్పిస్త. సరిపోలేదనుకో..." అని రాట్నం వైపు వేలు చూపించాడు. "ఇంటర్ కాంగనే ఆడ కూసోవాలె. మల్ల కాలేజీ మాట ఎత్తద్దు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట!" అన్నాను, ఆయన మాట పూర్తికాకముందే.

అందరూ వెళ్లాక బాపు కాగితం ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "బిడ్డా, అడ్డం గోడనే పదహారు జానలున్నది. ఏటవాలుగ పోయేది పదిహేడే ఎట్లయితదే? జర ఎక్కువ రావాలెనేమో?"

"బాపూ, లంబకోణ త్రిభుజంల కర్ణం భుజాలకంటె పెద్దగుండాలె. పదహారుకంటె పదిహేడు పెద్దదా కాదా?"

"పెద్దదే."

"మరింకేంది! నీకు తెల్వది, ఊకో."

బాపు కాగితం మడిచాడు. ఆ "నీకు తెల్వది" అనే మాట ఉంది చూశారూ, దాన్ని గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోదామనుకున్నా వీలు కాలేదు.

ఆ పదిహేను రోజులూ నేను నేల మీద నిలబడలేదు. నూలుకు ఎర్ర రంగు వేసిన రోజు, కాగులో మిగిలిన రంగు పారబోయడానికి అవ్వకు మనసు రాలేదు. వెలిసిపోయిన నా తెల్ల లంగా తెచ్చి అందులో ముంచి తీసింది. "సబకు కట్టుకో, మంచిగుంటది," అంది. బాపు పదిహేడు జానల పైన వేలెడు ఎక్కువగా పడుగు దారం తోడాడు. పాయింట్ సున్నా తొమ్మిది వృథా పోకూడదు కదా. మగ్గం టకటకమంటుంటే నేను గంటకోసారి వచ్చి కర్ణం ఎంత పెరిగిందో చూసి పోయేదాన్ని. కాలేజీలో స్నేహితురాళ్లకు చెప్పాను. దారిలో బజ్జీలమ్మే ఆమెకు కూడా చెప్పాను. ఆమె రెండు బజ్జీలు కొసరు వేసింది.

హాలుకు కూడా రోజూ పోయేదాన్ని. ఇసుక కుప్పల మధ్య తిరుగుతుంటే మేస్త్రి తరిమేవాడు. "అమ్మా, నువ్వొక్క నిమిషం నిలవడవు, నాకు కండ్లు తిరుగుతానయ్, ఇంటికి పో!" అని. అన్నిసార్లు పోయినదానివి స్టేజీ హద్దు కొలిచి చూసుకోవచ్చు కదా అని మీకు తోచింది. నాకు తోచలేదు. జవాబు చేతిలో ఉందనుకునేవాళ్లు కొలవరు, తిరుగుతారు.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. పదింటికి ఆఫీసరు వస్తాడు. ఎనిమిదింటికి బాపు, పెద్దబాపు, అవ్వ, నేను పట్టీ చుట్టను మోసుకుని హాలుకు చేరాం. స్టేజీ ముందురోజే పూర్తయింది. హాలు గోడలన్నిటికీ సున్నం కొట్టారు, స్టేజీ ముందుపక్క మాత్రం పట్టీ వస్తుంది కదా అని పచ్చి ఇటుకలు అట్లాగే వదిలేశారు. నేను ఎర్ర లంగా, తెల్ల ఓణీ వేసుకుని పెళ్లికూతురిలా నిలబడ్డాను. బాపు ఎడమ గోడ దగ్గర మొదటి మేకు కొట్టాడు. పట్టీ విప్పుకుంటూ కుడి గోడ వైపు నడిచాడు. నడిచాడు. ఆగాడు.

పట్టీ అయిపోయింది. గోడ ఇంకా రాలేదు.

మధ్యలో ఇటుకలు. ఎర్రగా, గరుకుగా, పళ్లికిలిస్తున్నట్టు. అవ్వ జానలు వేసి కొలిచింది. ఒకటి, రెండు, మూడుకు వేలెడు తక్కువ.

"గుంజుర్రి! జర గట్టిగ గుంజుర్రి!" అన్నాను. నేనూ పెద్దబాపూ చెరో చివర పట్టి లాగాం. శత్రంజి మందపాటి నేత, ఏనుగు లాగినా సాగదు. ఎడమ పక్క మేకు మాత్రం ఊడి వచ్చింది.

"ఏమాయెనే నీ సూత్రం?" అన్నాడు పెద్దబాపు.

"సూత్రం తప్పు గాదు పెద్దబాపూ! మేస్త్రే స్టేజిని పెద్దగ కట్టిండు!"

మేస్త్రికి రోషం వచ్చింది. తాడు తెచ్చి రెండు గోడలూ కొలిచి చూపించాడు. అడ్డం గోడ వెంట పదహారు జానలు. నిలువు గోడ వెంట పన్నెండు జానలు.

"పన్నెండేంది? ఆరు గదా!" అన్నాను. బాపు గీసిన కాగితం లాక్కుని గడులు లెక్కపెట్టాను. ఆరే. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ ఆరే.

అప్పుడు మా అవ్వ, బడి గడప తొక్కని మా అవ్వ, నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. "ఏమే, శత్రంజి కాయితంల అడ్డం గడికి జానెడు, నిలువు గడికి మూర. గది తెల్వదా నీకు? గల్లీల పాకే పోరగాండ్లను అడిగినా చెప్తరు."

నేను గుడ్లప్పగించాను. నిజమే. మగ్గంలో కూర్చున్నవాడికి గుడ్డ వెడల్పు చేతికి అందినంత ఉంటుంది, దాన్ని జానతో కొలుస్తాడు. పొడవు నేసినకొద్దీ చుట్టుకుపోతూ ఉంటుంది, దానిమీద మోచెయ్యి ఆనించి మూరలతో కొలుస్తాడు. కాగితం మీద గడులు ఒక్క తీరుగా కనబడినా, అడ్డం గడికంటే నిలువు గడి రెట్టింపు. తాతలనాటి లెక్క. నేతగాళ్ల ఇంట్లో పుట్టి, పదిహేడేళ్లు ఆ మగ్గం చుట్టూ తిరిగి, నేను గడిని గడిలాగే చూశాను. ఆ రోజు అరుగు మీద బాపు చెప్పబోయి నేను విననిది సరిగ్గా ఆ రెండో ముక్కే. నేనొకటి తలిస్తే నిలువు గడి ఇంకొకటి తలచింది.

అసలు బాధ అది కూడా కాదు. పదహారు, పన్నెండు. ఆ లెక్కకు లాగ్ పట్టికలు కూడా అక్కర్లేదు. రెండు వర్గాలూ కలిపితే నాలుగు వందలు, వర్గమూలం ఇరవై. గుండుగా, నున్నగా, చిన్నపిల్లలు కూడా నోటితో చెప్పే ఇరవై. దాన్ని వదిలేసి నేను పదిహేడు పాయింట్ సున్నా తొమ్మిదిని వెతికి పట్టుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెతకు దశాంశ స్థానాలు జోడించినదాన్ని నేనే.

"ఇంటర్ పరీక్షలెప్పుడు?" అన్నాడు పెద్దబాపు.

"మార్చిల."

"ఏప్రిల్ల రాట్నం."

కళ్లముందు రాట్నం గిర్రున తిరిగింది. ఏడుద్దామంటే టైము లేదు, ఎనిమిదిన్నర దాటింది. ఖాళీ మూయడానికి ఏది దొరికితే అది తెచ్చాం. గోనెసంచి కడితే వడ్ల కొట్టులా ఉంది. బాపు తువ్వాల అడ్డంపెడితే ఎవరో స్నానానికి పోయి మరిచిపోయినట్టుంది. పూలకుండీ పెడితే ఇటుకలు దాని వెనకనుంచి ఇటోసారి అటోసారి తొంగి చూశాయి. అందరం అలసిపోయి నిలబడ్డాం, నేను తప్ప. నేను ఆ ఖాళీ ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

"ఆగు!" అంది అవ్వ హఠాత్తుగా. "ఆడనే ఆగు. కదలకు."

ఆగాను. అవ్వ నా లంగా వైపు చూసింది. పట్టీ వైపు చూసింది. మళ్లీ లంగా వైపు చూసింది. ఒకే కాగు, ఒకే రంగు, ఒకే ఎరుపు. ఆమె మనసులో ఏముందో అర్థమయ్యేసరికి లంగాను రెండు చేతులా పట్టుకున్నాను.

"అవ్వా, వద్దే! నాతోని కాదే!"

"పీటేసుకొని కూసో. లంగా ఇటుమూల అటుమూల పరువు. సబ అయ్యేదాక కదిలినవో, సూడు మల్ల!"

అట్లా నేను స్టేజీలో భాగమయ్యాను. సరిగ్గా రెండు పాయింట్ తొంభై ఒక్క జానల భాగం. ఊరికే కూర్చుంటే అనుమానం వస్తుందని నా ఒళ్లో పూలదండల పళ్లెం పెట్టారు. దండలు పట్టుకునే పిల్ల అనుకుంటారని.

పదింటికి రావలసిన ఆఫీసరు పదకొండింటికి వచ్చాడు. హాలు నిండిపోయింది. పెద్దబాపు మైకు ముందు నిలబడి, "ఇప్పుడు సారుకు దండ," అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను పళ్లెం పట్టుకుని పెద్దబాపు వైపు చూశాను. పెద్దబాపుకు అప్పుడు గుర్తొచ్చింది. తనే స్టేజీ దిగి, వంగి, నా ఒళ్లోంచి దండ తీసుకుని మళ్లీ ఎక్కాడు. అట్లా ఆరుసార్లు. ఆరో దండకు ఆయన మోకాళ్లు పటపటమన్నాయి. నా దగ్గర కాస్త మంచి సూత్రం ఉంటే ఆయన మోకాళ్లు బతికేవి.

తర్వాత ఉపన్యాసాలు మొదలయ్యాయి. నూలు గురించి ఒకరు, రంగుల గురించి ఒకరు, నూలుకూ రంగులకూ ఉన్న సంబంధం గురించి ఇంకొకరు. నా కుడికాలు తిమ్మిరెక్కింది. తర్వాత ఎడమకాలు. తర్వాత నాకు కాళ్లు ఉన్నాయన్న సంగతే తెలియలేదు. పదిహేడేళ్లలో ఎప్పుడూ ఒకచోట అంతసేపు లేను. లోపల ప్రాణం పంజరంలో చిలుకలా కొట్టుకుంటోంది, బయట నేను రాతిబొమ్మను. ఇటుకల సందులోంచి ఒక ఎర్రచీమ బయలుదేరింది. దానికి కూడా ఆ ఖాళీ ఆ రోజే దొరికింది. మడమ ఎక్కింది, పిక్క ఎక్కింది, తీరికగా చోటు చూసుకుని కుట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సమయానికి ఆఫీసరు నేతగాళ్ల కష్టాల గురించి చెబుతున్నాడు. నా కన్నీళ్లు చూసి ఆయన కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంకో అరగంట మాట్లాడాడు.

చివరికి ఆగాడు. ఆగి నావైపు తిరిగాడు.

"ఈ అమ్మాయి ఎవరు? వచ్చినప్పటినుంచి చూస్తున్నాను. రెండు గంటలైంది, కదల్లేదు, మెదల్లేదు. నా మాటలకు కన్నీళ్లు పెట్టుకుంది. ఈ వయసులో ఇంత కుదురు, ఇంత ఏకాగ్రత నేను చూడలేదు!"

హాలులో మా గల్లీవాళ్లందరికీ ఒక్కసారే దగ్గు వచ్చింది.

"ఏం చదువుతున్నావమ్మా?"

"ఇంటర్ సార్. ఎంపీసీ."

"లెక్కలా! అనుకున్నాను. ఈ నిలకడ లెక్కలు చదివినవాళ్లకే వస్తుంది. అధ్యక్షులుగారూ, ఈ అమ్మాయిని డిగ్రీకి పంపుతున్నారు కదా?"

పెద్దబాపు నోరు తెరిచాడు. మూశాడు. ముందు మైకు, పక్కన ఆఫీసరు, ఎదురుగా మూడు వందలమంది. "పం... పంపుతం సార్," అన్నాడు. ఆ మాట మైకులోంచి హాలంతా మోగి, కిటికీలోంచి బజారుకు పోయింది.

ఆనందంతో నాకు ఎగరాలనిపించింది. ఎగిరితే ఇటుకలు. అంతలోనే ఆఫీసరు చిరునవ్వుతో చెయ్యి పైకెత్తాడు. "లేచి నిలబడు తల్లీ! అందరూ నిన్ను చూడాలి!"

నేను లేవలేదు.

"సిగ్గుపడకు. లే!"

పెద్దవాళ్లు లేవమంటే లేవకపోవడం మా గల్లీలో తిట్టుతో సమానం. లేస్తే పరువు పోతుంది, లేవకపోతే పొగరు అంటారు. పెద్దబాపు ముఖం తెల్లబడింది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు జనంలోంచి బాపు లేచాడు. తువ్వాల సర్దుకుంటూ, ఎవరినీ చూడకుండా, మెల్లగా నడిచి వచ్చాడు. నా వెనక, ఇటుకలకు కాళ్లు ఆనించి నిలబడి ధోవతి అంచులు రెండు చేతులతో పక్కలకు పరిచాడు.

"నేనున్న, లే బిడ్డా," అన్నాడు నా చెవిలో.

లేచాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎర్ర పట్టీ చివర తెల్ల ధోవతి ఎవరికీ కనబడలేదు, అందరూ నన్నే చూస్తున్నారు. నాకు మాత్రం తిమ్మిరి కాళ్లు నిలవక బాపు భుజం పట్టుకున్నాను. ఆయన భుజం వణుకుతోంది. నవ్వుకో, ఏడుపుకో నాకు ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం ఇంటికొచ్చాక పెద్దబాపు మోకాళ్లకు నూనె రాసుకుంటూ అన్నాడు, "మైకుల ఇచ్చిన మాట. ఎనకకు తీసుకుంట అంటే బజారంత నవ్వుతది. పో, సదువుకో. కాని ఈ ఇంట్ల మల్ల కర్ణం అనే పేరు వినబడద్దు."

నేను మగ్గం దగ్గరికి పోయాను. బాపు అక్కడే కూర్చుని ఉన్నాడు. "తప్పయింది బాపూ," అన్నాను. ఆయన మగ్గం పక్క గూట్లోంచి ఒక చిన్న ఉండ తీశాడు. నేను ఆ రోజు ఆయన చేతిలోంచి లాక్కున్న ఉండే. విప్పాడు. దారానికి ఈ చివర ఒక ముడి, ఆ చివర ఒక ముడి ఉన్నాయి. జానలు వేసి కొలిచాను. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. సరిగ్గా ఇరవై.

"ఎప్పుడు కొలిచినవ్ బాపూ?"

"పడుగు తోడేటందుకు ముందుగాల. నువ్వు కాలేజికి పోయినంక వాకిట్ల మేకులు గొట్టి సూసిన."

"నీకు ఎరుకేనా! మరెందుకు నేసినవ్ పదిహేడు?"

బాపు దారాన్ని వేలికి చుట్టుకున్నాడు. "నీకు తెల్వదంటివి గద బిడ్డా. నిజమే, నేను సదువుకోలె. దారమంటే సాగుతది. లెక్క సాగదు గద! నా దారమే సాగిందేమో అనుకున్న."

ఇరవై జానల దారాన్ని చేతిలో పెట్టుకుని, పదిహేడు జానల కూతుర్ని నమ్మిన మనిషి ముందు కూర్చుని ఏడ్చాను. పగలు చీమ కుట్టినప్పుడు వచ్చిన కన్నీళ్లకు చప్పట్లు కొట్టారు, ఇవి ఎవరూ చూడలేదు. బాపు మాత్రం కంగారుపడి, "ఊకో, ఊకో. డిగ్రీకి పోతానవ్ గద, ఇంకేం ఫికర్?" అన్నాడు.

పోయాను. డిగ్రీ అయింది, ఆ తర్వాత ముప్పై ఏళ్లు బళ్లో పిల్లలకు లెక్కలు చెప్పాను. నిలబడి, నడుస్తూ చెప్పే ఉద్యోగం కాబట్టి నా జబ్బుకు సరిపోయింది. ఆ పట్టీ మాత్రం చాలా ఏళ్లు హాలులోనే ఉంది. ఖాళీ దగ్గర ఒక బీరువా పెట్టారు. దాన్ని గల్లీలో అందరూ సులోచన బీరువా అనేవారు.

కనుక చదివేవాళ్లందరి ఎదుట, లాగ్ పట్టికల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కాగితం మీద ఏ త్రిభుజం కనబడినా, అడ్డం గడి ఎంతో, నిలువు గడి ఎంతో ఆ గడులు గీసిన మనిషిని అడగకుండా పెన్సిల్ ముట్టను. ఆయన చెబుతుంటే మధ్యలో దూకను, పూర్తయ్యేదాకా వింటాను. ఎంతసేపైనా సరే, కదలకుండా, కుదురుగా, ఒక్కతాన కూర్చుని వింటాను. అలవాటు లేని పని కాదు, ఒకసారి రెండు గంటలు చేశాను.